పొయ్యికి ఎడమకాలు

బ్రిన్‌గారెగ్, వేల్స్
సెప్టెంబరు

మామకు,

ఫోన్ చేస్తే "తిన్నవా, మంచిగున్నవా" అంటావు. ఆ తరువాత నీ ఊపిరి ఒక్కటే వినిపిస్తుంది. అందుకే నువ్వు చెప్పినట్టు కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అట్లాగే పంపు. కాగితం మీదైనా నాలుగు మాటలు మాట్లాడతావేమో చూస్తాను.

ముందు నాకొక సంగతి చెప్పు. నన్ను ఈ ఊరికి ఎందుకు పంపావు?

ఏజెన్సీ వాళ్ళు మూడు చోట్ల ఖాళీలు ఉన్నాయన్నారు. మాంచెస్టర్‌లో నాతో చదివిన మనోజ్ఞ ఉంది, మనవాళ్ళ దుకాణాలున్నాయి. ఇంకొకటి సముద్రం పక్కన ఊరు. మూడోది ఇది. ఎటూ తేలక మూడు పేర్లూ నీకు పంపితే, నిమిషంలో "బ్రిన్‌గారెగ్ తీసుకో, తెలిసిన పేరు" అని రాశావు. నువ్వు ఎవరికీ సలహా చెప్పే మనిషివి కాదు. అమ్మ కూడా "మా తమ్ముడు నోరు తెరిచిండంటే ఏదో ఉంటదే, అదే తీసుకో" అంది. తీసుకున్నాను.

వచ్చి చూస్తే ఒకటే వాన. ఊరి వెనక కొండను సగం కోసి పెట్టారు. మన చిన్నప్పటి పలక గుర్తుందా? ఆ పలక రాయి గని అది. గని మూతబడి చాలా ఏళ్ళయిందట. ఇంటి కప్పులు పలక రాయి, గడపలు పలక రాయి, సమాధులు పలక రాయి. చివరికి పొలం కంచె కూడా పలకలు నిలబెట్టి తీగతో కట్టిందే. వాన పడితే ఊరంతా ఇప్పుడే తుడిచిన పలకలాగా ఉంటుంది.

కేర్ హోమ్‌లో పని కష్టమేమీ కాదు. ముసలివాళ్ళు మంచివాళ్ళు. కానీ వాళ్ళలో వాళ్ళు వేల్స్ భాష మాట్లాడుకుంటారు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఇంగ్లీషులో మాట్లాడినా సగమే అర్థమవుతుంది. డ్యూటీ అయిపోయాక గదిలో కూర్చుని, ఇక్కడ ఏముందని మామ రమ్మన్నాడా అని ఆలోచిస్తుంటాను.

చెప్పు మామా. ఎవరైనా ఉన్నారా ఇక్కడ నీకు తెలిసినవాళ్ళు?

స్వర్ణ


దుఖాన్, ఖతార్
అక్టోబరు

స్వర్ణ బిడ్డకు,

ఈరోజు వాల్వులు వచ్చాయి, ఒకటి తక్కువ. గాలి ఎక్కువగా ఉంది. ఇది నేను రోజూ రాసుకునే లెక్క. కలం పట్టగానే అదే వస్తుంది, ఏమనుకోకు.

నాకు అక్కడ ఎవరూ తెలియదు. ఊరు కూడా తెలియదు. పేరు మాత్రమే తెలుసు. స్టోర్‌లో నేను లెక్కలు రాసే బల్ల ఒక పాత పెట్టె మూత. దాని మీద నల్ల రంగుతో ఆ ఊరి పేరు ఉంది. నా ఇంగ్లీషు బడిలో వచ్చింది కాదు, ఇట్లా పెట్టెల మీద చూసి కూడబలుక్కుంటే వచ్చింది. ఆ పేరు రోజూ పొద్దున్నే నా మోచేతి కింద ఉంటుంది. నువ్వు పంపిన మూడింటిలో అది కనబడగానే మన చుట్టాల ఊరు కనబడ్డట్టయింది. అంతకు మించి కారణం లేదు. నువ్వు ఇంత పెద్ద కారణం వెతుకుతావని అనుకోలేదు.

పెట్టెలో ఏముండేదో కూడా చెబుతాను. ఇక్కడ నూనె బావులు మొదలైన కాలం నాటి పాత యార్డు ఒకటి ఉండేది. కొన్నేళ్ళ కిందట దాన్ని ఖాళీ చేయించారు. తుప్పు పట్టిన సామాను మధ్య ఆ పెట్టె దొరికింది. లోపల ఒక నల్లరాయి. మూరన్నర పొడవు, జానెడు వెడల్పు. దాని మీద గుండ్రాలు చెక్కి ఉన్నాయి. ఒక చివర కిరణాలతో సూర్యుడు, ఆ తరువాత చిన్నా పెద్దా గుండ్రాలు, నెలవంక, చుక్కలు. ఫోర్‌మన్ చూసి "మాఫీ ఫాయిదా, పారెయ్యి" అన్నాడు. పనికిరాని సామాను అని గేట్ పాస్ రాసిచ్చాడు.

మా మెస్సులో వంట చేసే బుచ్చన్న నీకు తెలుసు, నిర్మల్ వైపు మనిషి. అతను ఆ రాయిని చూసి చేతులు జోడించాడు. "గిది నవగ్రహాల రాయిరా రత్నం. దీన్ని చెత్తల పడేస్తే మనల్ని శని ఇడిసిపెడ్తదా?" అన్నాడు. క్యాంప్‌కు తెచ్చాం. గదుల్లో దీపం పెట్టనివ్వరు. నిప్పుకు అనుమతి ఉన్నది వంటింట్లోనే. అందుకని పొయ్యి పక్కన మూలకు పెట్టాడు. రాయికి నువ్వుల నూనె పూసి, నెయ్యి డబ్బాలో సిమెంటు పోసి అందులో నిలబెట్టాడు. అప్పటి నుంచి పసుపు, కుంకుమ, శనివారం దీపం.

మా డ్రైవర్ హమీదుద్దీన్‌ది కామారెడ్డి. "బుచ్చన్నా, నీ దేవునికి బతాకా కార్డు ఉన్నదా? లేకుంటే చెకింగ్‌ల పట్టుకపోతరు" అని ఏడిపిస్తుంటాడు. బతాకా అంటే ఇక్కడి గుర్తింపు కార్డు. కానీ కొత్త బండి తోలే రోజు అతనే వచ్చి తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడ్డాడు.

ఫొటో పంపుతున్నాను. వీలైతే ఆ ఊళ్ళో ఎవరినైనా అడుగు, ఇదేమిటో. తొందరేమీ లేదు.

రత్నాకర్


బ్రిన్‌గారెగ్
అక్టోబరు చివర

మామకు,

పెట్టె మూత చూసి నా బతుకు నిర్ణయించావా? మనోజ్ఞకు చెబితే ఫోన్‌లో పడీ పడీ నవ్వింది. నాకు రెండు రోజులు కోపం వచ్చింది. తరువాత నీ రాయి ఫొటో తీసుకుని బయలుదేరాను.

ఇక్కడి చర్చి వెనక ఒక చిన్న గది ఉంది. ఊరి చరిత్ర గది అంటారు. శనివారం మధ్యాహ్నాలు తెరుస్తారు. దాన్ని చూసే ఆయన ఇవాన్, రిటైరైన టీచరు. ఈ ఊళ్ళో సగం మందికి ఒకటే ఇంటిపేరు. మన దగ్గర పాల గంగన్న, బండి గంగన్న అన్నట్టు వీళ్ళూ మనిషికొక గుర్తు పెడతారు. రొట్టెల జోన్స్, శవపేటికల జోన్స్. ఈయన ఎప్పుడూ పాత సంగతులే చెబుతాడని "నిన్నటి ఇవాన్" అంటారు.

గదిలో గని ఉలులు, దీపాలు, టోపీలు ఉన్నాయి. రాయిని పొరలు పొరలుగా చీల్చే మనిషి ఫొటో ఉంది, అచ్చం మా తాత తాటాకు చీల్చినట్టే. గనిలో తిండి తినే రేకుల గుడిసె ఉండేదట. అందులో కూర్చుని పాటలు పాడేవాళ్ళు, వాదించుకునేవాళ్ళు. ఎవరో పెద్దమనిషి వచ్చి గ్రహాల గురించి ఉపన్యాసం చెబితే, విన్నవాళ్ళు ఇంటికి పోయి సాయంత్రాలు వాటిని రాతి మీద చెక్కుకున్నారు. చెక్కి ఎక్కడ పెట్టుకున్నారో తెలుసా? ఇక్కడ ఇళ్ళలో చలి కాచుకోవడానికి గోడలోనే పొయ్యి ఉంటుంది. దానికి అటొక రాయి, ఇటొక రాయి, పైన అడ్డంగా ఒకటి. నీ రాయి అటువంటి పొయ్యికి కాలు కావచ్చట.

కాబట్టి అవి గ్రహాలే. బుచ్చన్న మామ చెప్పింది తప్పు కాదు. కానీ దేవుడు కాదు, పొయ్యి. నువ్వే ఆలోచించుకో, నాకు బుర్ర తిరుగుతోంది.

ఇవాన్‌కు నమ్మకం పూర్తిగా కుదరలేదు. "ఫొటో నిండా ఎర్రరంగు, జిడ్డు. ఏ ఊరిదైనా కావచ్చు" అన్నాడు. సరే అని వచ్చేశాను. ఆ సాయంత్రం మా హోమ్‌లో గ్వెన్‌లియన్ అనే పెద్దావిడకు అన్నం తినిపిస్తూ మాటవరసకు ఫొటో చూపించాను. ఆమెకు చూపు తక్కువ. చెంచా పక్కకు తోసి, ఫోన్ లాక్కుని కళ్ళకు ఆనించుకుంది. "ఇది మా ఎడమకాలు" అంది.

వాళ్ళ ఇంట్లో పొయ్యికి కుడికాలు ఉంది, ఎడమ వైపు ఇటుకలు పేర్చి ఉన్నాయట. ఊళ్ళో పిల్లలు ఆమెను కుంటిపొయ్యి గ్వెన్ అని ఏడిపించేవాళ్ళట. ఎవరు తీశారని అడిగితే "మా చిన్నాన్న. ఎడారిలో నూనె తవ్వడానికి పోతూ, ఇంటి గుర్తుగా తీసుకుపోయాడు" అంది. మరునాడు అడిగితే "మా ఇంట్లో అద్దెకున్నవాడు దొంగిలించాడు" అంది. నిన్న "నాన్నే అమ్మేశాడు, అమ్మ ఏడ్చింది" అంది. మూడూ అంతే గట్టిగా చెప్పింది. ఏది నమ్మాలో తెలియదు.

నువ్వేమంటావు?

స్వర్ణ


దుఖాన్
నవంబరు

స్వర్ణ బిడ్డకు,

పెయింటు డబ్బాలు వచ్చాయి. ఎండ తగ్గింది.

నీ ఉత్తరం మెస్సులో చదివి వినిపించాను. చదవకుండా ఉండాల్సిందేమో.

"పొయ్యి రాయా?" అన్నాడు హమీదుద్దీన్. "ఇన్నేండ్ల సంది పొయ్యికి దండం పెట్టినవా బుచ్చన్నా?"

"పెడ్త. రోజూ పొద్దుగాల పొయ్యి ముట్టించే ముందు దండం పెట్టనా నేను? నువ్వు తినే రొట్టె ఏడికెళ్ళి వస్తున్నది?"

"దాని మీద గ్రహాలు ఎవడో గనిల కూలోడు చెక్కిండట. పంతులు కాదు."

"మన ఊళ్ళె ఎల్లమ్మను చెక్కినోడు పంతులా? వడ్డెరోడే కదా. ఊకో ఇగ."

హమీదుద్దీన్ నవ్వి రొట్టె తుంచుకున్నాడు. కానీ మిగతావాళ్ళు రెండుగా చీలిపోయారు. పొయ్యి రాయి అయితే దాని మనిషికి పంపేద్దామని కొందరు. ఎవరి మాట నమ్మి పంపుతాం, ఆ ముసలామె పూటకొక మాట చెబుతోంది కదా అని కొందరు. నాకు ఇద్దరి మాటా సరైనదే అనిపించింది. అందుకని ఏమీ అనలేదు.

తొందరేమీ లేదని రాశాను. ఉంది. మా క్యాంప్ మూసేస్తున్నారు. కొత్త సంవత్సరంలో అందరినీ బర్వా అల్ బరాహాకు మారుస్తారు. దోహా దగ్గర పెద్ద కాలనీ అది. అక్కడ మనిషికి ఒక మంచం, ఒక బీరువా. వంటిల్లు వేరే కంపెనీది. బుచ్చన్నను కూడా అక్కడ వంటకు తీసుకోవడం లేదు, క్లీనింగ్‌లో వేస్తారట. రాయిని పెట్టే చోటు లేదు.

పూజ చేసినదాన్ని పూజ లేకుండా వదిలేయకూడదని బుచ్చన్న మాట. అయితే ఎవరైనా చేయాలి, లేదా నీళ్ళలో కలపాలి. ఇల్లు మారేటప్పుడు మీ అమ్మ పాత పటాలను వాగులో వదిలింది చూడు, అట్లా. ఇక్కడ వాగు లేదు, సముద్రం ఉంది. ఏదో ఒక శుక్రవారం తీసుకుపోయి కలుపుతానంటున్నాడు.

అది నీకు వింతగా ఉండవచ్చు. రాయి రాకముందు మా క్యాంప్‌లో ఇద్దరు నిద్రలోనే పోయారు. ఒకడు నా పక్క మంచం. పొద్దున డ్యూటీకి లేపితే లేవలేదు. రాయి వచ్చాక మా దగ్గరి నుంచి శవం పెట్టె ఏదీ ఇంటికి పోలేదు. రాయి వల్లనే అని నేను అనను. కాదని బుచ్చన్నతో అనే ధైర్యమూ లేదు.

రత్నాకర్


బ్రిన్‌గారెగ్
డిసెంబరు మొదట

మామకు,

నీళ్ళలో వేయనివ్వకు. నేను మాట ఇచ్చేశాను.

నిన్ను అడగకుండా ఇచ్చాను, తిట్టు. గ్వెన్‌లియన్ రోజూ తలుపు వైపు చూస్తూ "నా కాలు వచ్చిందా?" అని అడుగుతుంది. కొత్త నర్సు ఆమె కాలికి ఏదో అయిందనుకుని డాక్టర్‌ను పిలిచింది. ఒకరోజు ఆమె తిండి ముట్టలేదు. "తెస్తాను, తిను" అన్నాను. తిన్నది. ఫిబ్రవరిలో నేను ఇంటికి పోతున్నాను కదా, అమ్మ కంటి ఆపరేషన్‌కు. తిరిగి వచ్చేటప్పుడు దోహాలో ఒకరోజు ఆగి రాయి తీసుకుంటానని లెక్క కూడా వేసుకున్నాను.

ఇంకో సంగతి. గ్వెన్‌లియన్ ఇంటి తాళం ఇవాన్ దగ్గర ఉంటే, ఇద్దరం పోయి చూశాం. ఇల్లు చల్లగా, మూసిన వాసనతో ఉంది. పొయ్యి చిన్నది. కుడికాలు ఉంది, నీ రాయిలాగే గుండ్రాలు, చుక్కలు. ఎడమ వైపు ఇటుకలే. పైన అడ్డంగా ఉన్న రాతి మీద ఒక తోకచుక్క తోక చెక్కి ఉంది. అది ఎడమ అంచు దాకా వచ్చి అక్కడ తెగిపోయింది. తల లేదు. అంటే తల ఎడమకాలి పైభాగంలో ఉండాలి.

ఇవాన్ అన్నాడు: "మీ రాతి పైన తోకచుక్క తల ఉంటే, అది ఈ ఇంటిదే. లేకపోతే కాదు. అంతే."

ఫొటోలో పైభాగం అంతా కుంకుమే. కొంచెం తుడిచి చూడు మామా. వెంటనే.

స్వర్ణ


దుఖాన్
డిసెంబరు

స్వర్ణ బిడ్డకు,

సామాను రాలేదు. స్టోర్ సగం ఖాళీ.

తుడవడానికి బుచ్చన్న ఒప్పుకోలేదు. దేవుని ముఖం తుడుస్తారా అన్నాడు. అభిషేకం అయితే సరేనన్నాడు. డబ్బా పాలు, తరువాత నీళ్ళు, తరువాత నా చేతి రుమాలు. ఇన్నేళ్ళ జిడ్డు పోవడానికి చాలాసేపు పట్టింది. అందరూ చుట్టూ నిలబడ్డారు.

పైన సూర్యుడే ఉన్నాడు. కిరణాలు స్పష్టంగా ఉన్నాయి. తోకచుక్క తల లేదు. అంచు దాకా వేలితో తడిమాను. ఏమీ లేదు.

ఫొటో పంపుతున్నాను. ఇవాన్ గారికి చూపించు.

బుచ్చన్న సంతోషించాడో బాధపడ్డాడో నాకు తెలియలేదు. "అయితే ఇది ఆళ్ళది కాదు. ఇగ ఎవ్వరిది కాదు. గంగమ్మకు ఇచ్చేస్త" అన్నాడు. వచ్చే శుక్రవారం అని ఖాయం చేశారు. నేను వద్దనలేదు. వద్దని ఏ మాట మీద అనాలి? ఆమెది కాదు. మాదీ కాదు. దేవుడో పొయ్యో తెలియదు. నువ్వు ఇచ్చిన మాట ఒకటి ఉంది. అది ఎవరికి చెప్పాలో, ఎట్లా చెప్పాలో తోచడం లేదు.

ఆ పెద్దావిడకు మెల్లగా చెప్పు.

రత్నాకర్


బ్రిన్‌గారెగ్
అదే వారం, గురువారం

మామా,

డ్యూటీ మధ్యలో రాస్తున్నాను. రాత బాగుండదు.

ఇవాన్ ఫొటో చూసి తల అడ్డంగా ఊపాడు. "మా కుడికాలికి సూర్యుడు అడుగున ఉన్నాడు. మీ రాతికి పైన ఉన్నాడు. జత కానే కాదు" అన్నాడు. నేను వచ్చి గ్వెన్‌లియన్‌కు అదే చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"సూర్యుడు పైనా? ఏ పిచ్చివాడైనా పొయ్యి కాళ్ళకు సూర్యుణ్ణి పైన చెక్కుతాడా? నిప్పు ఎక్కడుంటుంది, కిందనా, అటక మీదా?"

నిప్పు దగ్గర సూర్యుడు. అక్కడి నుంచి పైకి పోతుంటే గ్రహాలు, ఇంకా పైకి చుక్కలు, అన్నిటికన్నా పైన తోకచుక్క. వాళ్ళు చెక్కిన తీరు అది మామా.

మీరు దాన్ని ఎట్లా నిలబెట్టారు? సూర్యుడు గ్రహాలకు పెద్ద కదా అని పైకి పెట్టారా? డబ్బాలో, సిమెంటు లోపల ఏ చివర ఉంది?

రేపు శుక్రవారం. ఇది నీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. చేరితే ఎవరికైనా చెప్పు మామా. రాసుకుని ఊరుకోకు. నోటితో చెప్పు.

స్వర్ణ


దుఖాన్
శనివారం

స్వర్ణ బిడ్డకు,

ఈరోజు స్టోర్ లెక్క రాయలేదు.

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున లేవగానే చూశాను. చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాను. చెప్పాలనే అనుకున్నాను. అప్పటికే బుచ్చన్న స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని, డబ్బాతో సహా రాయిని ఒడిలో పెట్టుకుని హమీదుద్దీన్ పికప్‌లో కూర్చుని ఉన్నాడు. అతని ముఖం చూశాక మాట రాలేదు. సముద్రం దగ్గర చెబుదాం అనుకున్నాను.

దుఖాన్ సముద్రం లోతు ఉండదు. చాలా దూరం మోకాళ్ళ దాకే. బుచ్చన్న డబ్బా మోసుకుని నడుస్తూ పోయాడు. మేము వెనక. హమీదుద్దీన్ ఒడ్డునే నిలబడి "జల్దీ కానియ్యి బుచ్చన్నా, ఎవడన్న చూస్తే నీ దేవునికి నాకు కలిపి జరిమానా ఏస్తడు" అన్నాడు. నీళ్ళు నడుము దాకా వచ్చాక బుచ్చన్న ఆగాడు. కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకున్నాడు. చేతులు కిందికి దించుతున్నాడు.

"బుచ్చన్నా, ఆగు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందరూ నా వైపు తిరిగారు.

"ఏంది రత్నం?"

"డబ్బా పగలగొడదాం. దాని కాళ్ళు చూద్దాం."

"దేవుని కాళ్ళు చూసుడేందిరా, నీళ్ళల్ల నిలబడి?"

"అవి కాళ్ళు కాదేమో. తలకాయేమో."

అతనికి అర్థం కాలేదు. నాకు కూడా సరిగ్గా చెప్పడం రాలేదు. ఫోన్ తీసి నీ ఉత్తరం అక్కడే, నీళ్ళలోనే, గట్టిగా చదివాను. గ్వెన్‌లియన్ నవ్విన చోటికి వచ్చేసరికి బుచ్చన్న డబ్బాను గుండెకు పట్టుకుని ఒడ్డుకు నడిచాడు. ఇసుకలో పడుకోబెట్టాడు.

హమీదుద్దీన్ బండిలోంచి రేకు కత్తెర, సుత్తి తెచ్చాడు. డబ్బా చీల్చాడు. సుత్తితో మెల్లగా తట్టితే సిమెంటు రెండు చెక్కలై ఊడింది. నిలబెట్టే ముందు బుచ్చన్న పూసిన నూనె వల్ల రాయికి అంటుకోలేదు. రాతి చివర చిన్న నిమ్మకాయంత ఉబ్బెత్తుగా ఒక గుండ్రం ఉంది. దాని నుంచి గీతలు మొదలై అంచు దగ్గర ఆగిపోయాయి. తోక మొదలైన చోట రాయి అయిపోయింది. దొరికిన రోజు చూసే ఉంటాం, ఇదీ ఒక గ్రహమే అనుకుని ఉంటాం.

బుచ్చన్న ఇసుకలో కూలబడ్డాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను.

"తలకిందులుగ నిలబెట్టినమారా" అన్నాడు. "ఇన్నేండ్లు తలకాయ సిమెంటుల పాతిపెట్టి, కాళ్ళకు కుంకుమ పెట్టి దండం పెట్టినం. ఒక్కనాడన్న ఏమన్నడా? ఒక్కన్నన్న తీసుకపోయిండా?"

గీతల్లో చేరిన ఇసుకను వేలితో తుడిచాడు. తరువాత నాతో, "గంత ఓపిక ఉన్నోడు దేవుడు కాకపోతే ఇంకెవడు? పంపియ్యి. తలకిందులుంటేనే గిట్ల కాపాడిండు. ఆళ్ళింట్ల సక్కగ నిలబడితే ముసల్దాన్ని ఇంకెట్ల చూసుకుంటడో" అన్నాడు.

ఒక షరతు పెట్టాడు. శనివారం దాని పక్కన నిప్పు ఉండాలట.

ఫిబ్రవరిలో రా. నేను విమానాశ్రయానికి వస్తాను.

రత్నాకర్


బ్రిన్‌గారెగ్
మార్చి

మామకు,

నువ్వు దోహాలో నా పెట్టె మోస్తూ చెప్పిన మాటలు అన్నీ కలిపితే ఒక పేజీ రావు. బుచ్చన్న మామ మాత్రం రాయికి జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు, అత్తగారింటికి పంపే బిడ్డకు చెప్పినట్టు. అమ్మ పెట్టిన మామిడికాయ పచ్చడి, సకినాలు అన్నీ దోహాలో మీకే వదిలేయాల్సి వచ్చింది. బరువంతా దానిదే. ఇక్కడ దిగాక కస్టమ్స్ ఆయన పెట్టె తెరిచి ఏమిటిది అన్నాడు. పొయ్యి అన్నాను. నన్నూ రాయినీ మార్చి మార్చి చూసి పొమ్మన్నాడు.

ముందు హోమ్‌కే తీసుకుపోయాను. గ్వెన్‌లియన్ ఒడిలో తువ్వాలు పరిచి పెట్టాను. కళ్ళు అంతగా కనబడవు కదా, చేతితో తడిమింది. చేయి ముక్కు దగ్గర పెట్టుకుంది. "నూనె వాసన. ఎవరు వండారు దీని పక్కన?" అని అడిగింది. బుచ్చన్న అనే ఆయన, క్యాంప్ అంతటికీ వండేవాడు అన్నాను. "అయితే ఇది పని మానలేదన్నమాట" అంది. ఆమె అన్నది అంతే. నేను పెద్దగా ఏదో జరుగుతుందనుకున్నాను.

ఇటుకలు తీసి ఇవాన్, శవపేటికల జోన్స్ ఇద్దరూ నిలబెట్టారు. తోకచుక్కకు తల వచ్చింది. మధ్యలో గోరు పట్టేంత సందు ఉంది, అంతే. గీతల్లో ఇంకా కుంకుమ ఉంది. కడుగుదామా అని ఇవాన్ అడిగితే గ్వెన్‌లియన్ వద్దంది. మొన్న శనివారం ఆమెను చక్రాల కుర్చీలో తీసుకుపోయి పొయ్యి వెలిగించాం. ప్రతి శనివారం నేను పోయి వెలిగిస్తానని చెప్పాను.

దాన్ని ఎడారికి ఎవరు తీసుకుపోయారో ఇప్పటికీ తేలలేదు. చరిత్ర గదిలో చీటీ రాయడానికి ఇవాన్ మళ్ళీ అడిగాడు. ఈసారి నాలుగో కథ చెప్పింది. చీటీ ఖాళీగా పెట్టాడు.

మనోజ్ఞ మాంచెస్టర్‌లో ఖాళీ ఉందని మళ్ళీ ఫోన్ చేసింది. ఆలోచిస్తానన్నాను. కానీ నిన్న రొట్టెల దుకాణంలో ఎవరో నన్ను వేలితో చూపించి పక్కావిడతో ఏదో అన్నారు. ఇవాన్‌ను అడిగితే చెప్పాడు. ఊళ్ళో నాకు "రాతి స్వర్ణ" అని పేరు పెట్టారట.

స్వర్ణ


బర్వా అల్ బరాహా
ఏప్రిల్

స్వర్ణ బిడ్డకు,

మారి వచ్చేశాం. గదికి నలుగురం. కిటికీ లోంచి ఇంకో కిటికీ కనిపిస్తుంది. పెట్టె మూత తెచ్చుకున్నాను. దాని మీదే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి వినిపించాను. హమీదుద్దీన్ రెండుసార్లు చదివించాడు. కస్టమ్స్ దగ్గర బతాకా లేకుండానే పోయిందా అన్నాడు.

బుచ్చన్నకు ఇక్కడ చీపురు డ్యూటీ. తరువాత ఒకరోజు బీరువా సర్దుతుంటే చూశాను. సముద్రం ఒడ్డున ఊడిన సిమెంటు చెక్క ఒకటి తువ్వాల్లో చుట్టి తెచ్చుకున్నాడు. తోకచుక్క తల ఉన్న చోట అందులో గుంట పడింది. నున్నగా ఉంది. సరిగ్గా ప్రమిదంత.

గదులు చూడడానికి వచ్చిన సూపర్‌వైజర్ దాన్ని పైకెత్తి, "యే క్యా హై?" అన్నాడు.

"సిమెంట్, సాబ్" అన్నాడు బుచ్చన్న. అతను మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ప్రతి శనివారం బుచ్చన్న ఆ గుంటలో నువ్వుల నూనె పోస్తాడు. వత్తి వేయడు. గదుల్లో నిప్పు పెట్టకూడదు కదా. నిన్న నేను అడిగాను, నేనే నోరు తెరిచి అడిగాను, వత్తి లేకుండా నూనె ఎందుకు బుచ్చన్నా అని.

"నిప్పు స్వర్ణ కాడ ఉన్నది గదా" అన్నాడు.

రత్నాకర్